పాలకు కాల్షియం తెచ్చే ప్రొటీన్, ఎముకలోకి దిగిన క్యాన్సర్: ఒక కేస్ స్టడీ

రొమ్ము క్యాన్సర్‌కి ఒకప్పుడు వైద్యం చేయించుకున్న మనిషి మగతగా, విపరీతమైన దాహంతో, విరేచనం కాక బాధపడుతూ వస్తే ముందు రక్తంలో కాల్షియం చూడాలి. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఈ పేషెంట్‌కి ఆ పరీక్ష మూడు వారాలు ఎవరూ చేయించలేదు, ఆ ఎవరూలో నేనూ ఉన్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించిన అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

53 ఏళ్ల ఆవిడ, గుంటూరు చుట్టుపక్కల పల్లె. 2017లో ఎడమ రొమ్ములో మూడు సెంటీమీటర్ల గడ్డ, చంకలో రెండు గ్రంథులకు పాకింది. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ రిసెప్టర్లు పాజిటివ్, హెర్2 అనే ప్రొటీన్ నెగెటివ్. రొమ్ము తీసేసే ఆపరేషన్, 8 కీమోలు, రేడియేషన్, ఆ తర్వాత అయిదేళ్లు హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదని కోడలు చెబుతుంది, నేను నమ్ముతాను, ఎందుకంటే ప్రతి చెకప్‌కీ ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకుని తెచ్చి చూపించేవారు. 2023 మొదట్లో మాత్ర ఆపాం. అప్పటికి అన్నీ బాగానే ఉన్నాయి.

2024 మార్చిలో నడుం నొప్పి మొదలైంది. మిరప కోతల కాలం, వంగి వంగి పని చేశారు కాబట్టి అదే కారణం అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది, వారానికి రెండు మూడుసార్లు. తర్వాత పట్నంలో ఒక క్లినిక్‌లో "ఎముకలు బోలుగా అయ్యాయి" అని రోజుకు రెండు కాల్షియం మాత్రలు, విటమిన్ డి సాచెట్లు రాశారు. ఏప్రిల్ చివరికి నోరు ఎండిపోవడం, బిందెడు నీళ్లు తాగినా దాహం తీరకపోవడం, రాత్రి అయిదారుసార్లు లేవడం. షుగర్ ఏమోనని చూపించారు, నార్మల్. నాలుగు రోజులకోసారి కూడా విరేచనం లేదు. కోడలు నాకు ఫోన్ చేసి "మేడం, అత్తయ్యకి మోషన్ కావట్లేదు, అన్నం సయించట్లేదు" అంది. నొప్పి మాత్రల వల్ల అయి ఉంటుందిలే అని ఒక సిరప్ చెప్పి, వారంలో తీసుకురమ్మన్నాను. దాహం సంగతి ఆ అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే పది రోజులు కలిసొచ్చేవి.

మే రెండో వారంలో స్ట్రెచర్ మీద తెచ్చారు. అందరూ వడదెబ్బ అనుకున్నారు, ఆ ఎండలు అలా ఉన్నాయి మరి. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. కొడుకుని చూసి తమ్ముడి పేరు పెట్టి పిలిచారు. నాలుక పిడచ కట్టింది, బీపీ 96/60, నడుం దగ్గర వెన్నుపూస మీద తడితే ముఖం చిట్లించారు. కాళ్లలో బలం ఉంది, అది చూశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను, వెన్నుపాము మీద ఒత్తిడి అయి ఉంటే పరుగు వేరే దిక్కుకి తీయాల్సి వచ్చేది.

కాల్షియం 14.6 వచ్చింది. అల్బుమిన్ 2.9 మాత్రమే. రక్తంలో కాల్షియం సుమారు 40 శాతం ప్రొటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ని, పట్టుకుని తిరుగుతుంది కాబట్టి అల్బుమిన్ తగ్గినప్పుడు రిపోర్టులో అంకె అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. అల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గితే దాన్ని 0.8తో గుణించి కాల్షియం అంకెకి కలుపుకోవాలి. కలిపితే 15.5. మామూలుగా 10.5 లోపే ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3, అది ఎక్కువ. ఫాస్ఫరస్ 2.1, అది మామూలు కంటే తక్కువ. ఈసీజీలో క్యూటీ అనే విరామం కుదించుకుపోయింది, కాల్షియం ఎక్కువైతే గుండెలో కనిపించే గుర్తు అది.

మందుల సంచి మంచం మీద బోర్లించాం. ఈ పని ప్రతి కేసులోనూ చేయాలని నా పట్టుదల. కాల్షియం మాత్రలు, విటమిన్ డి, నొప్పి సూదుల చీటీలు, ఇంకా బీపీ మాత్ర. ఆ బీపీ మాత్రలో టెల్మిసార్టన్‌తో పాటు థయాజైడ్ కలిసి ఉంది. థయాజైడ్ మూత్రంలో కాల్షియం పోకుండా ఆపేస్తుంది. నొప్పి సూదులు ఎండిపోయిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. నాలుగూ ఆపేశాం. కానీ ఇవన్నీ కలిసినా 15.5 రాదు, అసలు దొంగ వేరే ఉండాలి.

కాల్షియం ఎక్కువ ఉన్నప్పుడు మొదట చూడాల్సింది పారాథైరాయిడ్ హార్మోన్. అది ఎక్కువ ఉంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ కోసం వెతకాలి. ఈవిడకి 6 ఉంది, 15 నుంచి 65 మధ్య ఉండాల్సినది. అంటే గ్రంథి తన పని తాను సరిగ్గా చేస్తోంది, కాల్షియం ఎక్కువైందని తెలుసుకుని నోరు మూసుకుంది. విటమిన్ డి 38, విషం స్థాయి కాదు. మన దగ్గర టీబీని కూడా మర్చిపోకూడదు, అదీ కాల్షియం పెంచగలదు, కానీ ఛాతీ సీటీలో దాని జాడ లేదు. స్కాన్‌లో కనిపించినవి ఎముక కరిగిన మచ్చలు: పదో వెన్నుపూస, నడుంలో రెండో పూస, కుడి కటి ఎముక, రెండు పక్కటెముకలు. లివర్, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడే నాకు లెక్క కుదరలేదు. అయిదు చోట్ల ఎముక కరిగితే కాల్షియం పెరగవచ్చు, కానీ ఇంతగానా? పైగా ఎముక కరగడం ఒక్కటే కారణమైతే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా రక్తంలోకి వచ్చి పడాలి. ఇక్కడ ఫాస్ఫరస్ తక్కువ ఉంది. కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తోంది, పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనట్టుగా. కానీ ఆ హార్మోన్ లేదు. దాని వేషంలో ఇంకెవరో ఉన్నారు.

ఇదే చిక్కు 1941లో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఫుల్లర్ ఆల్బ్రైట్‌కి ఎదురైంది. కిడ్నీ క్యాన్సర్ ఉన్న మనిషి, ఎముకలో ఒక్కటే మచ్చ, కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ. గడ్డే పారాథైరాయిడ్ లాంటి పదార్థం ఏదో తయారు చేస్తోందేమోనని ఆయన అన్నాడు. ఆ పదార్థం చేతికి చిక్కడానికి 1987 దాకా పట్టింది. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో జాక్ మార్టిన్ బృందం ఒక ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల నుంచి దాన్ని వేరు చేసింది, అమెరికాలో ఇంకో రెండు బృందాలూ అదే సమయంలో అక్కడికే చేరాయి. పేరు పారాథైరాయిడ్ హార్మోన్ రిలేటెడ్ ప్రొటీన్, పొట్టిగా పీటీహెచ్‌ఆర్‌పీ. మొదటి 13 అమైనో ఆమ్లాల్లో 8 అసలు హార్మోన్‌లో ఉన్నవే. తలుపు తీయడానికి ఆ కొస చాలు, ఎముకలోనూ కిడ్నీలోనూ ఉన్న అదే రిసెప్టర్, అంటే కణం మీద సంకేతం అందుకునే తలుపు, దీనికీ తెరుచుకుంటుంది. మిగతా ఒళ్లంతా వేరే. అందుకే హార్మోన్ పరీక్షలో ఇది కనపడదు.

రక్తం తీసి ఐస్‌లో పెట్టి, ప్రత్యేకమైన ట్యూబులో బయటి ల్యాబ్‌కి పంపాం, ఈ ప్రొటీన్ మామూలు ట్యూబులో త్వరగా ముక్కలైపోతుంది. రిపోర్ట్ తొమ్మిది రోజులకు వచ్చింది, గరిష్ఠ పరిమితికి మూడింతలకు పైగా. క్యాన్సర్ వల్ల కాల్షియం పెరిగిన వాళ్లలో సుమారు 80 శాతం మందిలో కారణం ఇదే. అయినా ఈ పరీక్ష అందరికీ అవసరమని నేను అనను, రిపోర్ట్ కోసం వైద్యం ఆపితే మనిషి దక్కరు. లెక్క కుదరలేదు కాబట్టి పంపాను.

వైద్యం ఆ మధ్యాహ్నమే మొదలైంది. ముందు సెలైన్, మొదటి 24 గంటల్లో నాలుగు లీటర్లు, గుండె, ఊపిరితిత్తులు గమనిస్తూ. మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ ఇవ్వలేదు. కాల్షియం ఎక్కువ అనగానే లాసిక్స్ రాసే అలవాటు ఇంకా చాలామందికి ఉంది, దయచేసి మానండి, నీళ్లు లేక ఎండిపోయిన మనిషి నుంచి ఇంకా నీళ్లు లాగేయడమే అది. ఒంట్లో నీరు ఎక్కువై ఆయాసం వస్తే అప్పుడు ఇవ్వండి. కాల్షియంని త్వరగా దించే కాల్సిటోనిన్ 200 యూనిట్లు 12 గంటలకోసారి చర్మం కింద, రెండు రోజులు మాత్రమే, ఆ తర్వాత అది పని చేయడం మానేస్తుంది. అసలు మందు ఎముక కరగడాన్ని ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్, దానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి ఈ లోపు కాల్సిటోనిన్ వంతెనలా పనికొస్తుంది.

క్రియాటినిన్ 2.3 దగ్గర జోలెడ్రోనిక్ ఇవ్వాలా అని జూనియర్లతో చర్చ జరిగింది. ఎముక కరగడాన్నే ఆపే ఇంకో మందు డెనోసుమాబ్ కిడ్నీతో సంబంధం లేకుండా పని చేస్తుంది, దానికే మొగ్గిన వాళ్లున్నారు. నా ఆలోచన వేరు. ఈ కిడ్నీ చెడిపోయింది కాదు, ఎండిపోయింది. ఒక రోజు సెలైన్ తర్వాత చూద్దామన్నాను. మర్నాడు 1.6కి దిగింది. అప్పుడు 4 మి.గ్రా. ఇచ్చాం, మామూలుగా 15 నిమిషాల్లో ఎక్కించేదాన్ని గంటసేపు నెమ్మదిగా.

15.5 నుంచి రెండో రోజు 13.9, మూడో రోజు 12.6, అయిదో రోజు 11, ఎనిమిదో రోజు 9.7. నాలుగో రోజు రౌండ్స్‌కి వెళ్లేసరికి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. "డాక్టరమ్మా, టీ తాగొచ్చా?" అని అడిగారు. కోడలు అటు తిరిగి ఏడ్చేసింది.

ఆ రోజు సాయంత్రం విషయం చెప్పాను, వ్యాధి ఎముకల్లోకి వచ్చిందని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముగ్గురు పిల్లలకీ రెండేళ్లు వచ్చేదాకా పాలిచ్చానమ్మా, పాలిచ్చినోళ్లకి రాదంటారు కదా" అన్నారు.

పాలివ్వడం వల్ల రిస్క్ తగ్గుతుంది, అది నిజం. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో చూసినప్పుడు ప్రతి 12 నెలల పాలిచ్చిన కాలానికి 4.3 శాతం తగ్గుదల కనిపించింది. తగ్గుతుంది, పోదు. ఆవిడకి ఈ అంకెలు చెప్పలేదు, తన తప్పేమీ లేదని మాత్రం చెప్పాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే ఈ ప్రొటీన్ కథంతా పాలలోనే మొదలవుతుంది.

పీటీహెచ్‌ఆర్‌పీ క్యాన్సర్ తయారు చేసిన విషం కాదు. గర్భంలో బిడ్డ ఎముకలు సరిగ్గా పెరగడానికి అది కావాలి, 1994లో ఎలుకల్లో ఆ జన్యువు తీసేస్తే పిల్లలు పుట్టగానే చనిపోయాయి. రొమ్ము మొగ్గ ఏర్పడటానికే అది కావాలి. బాలింతలో రొమ్ము ఈ ప్రొటీన్‌ని రక్తంలోకి వదులుతుంది, అది ఎముకకి వెళ్లి కాల్షియం అడిగి తెస్తుంది, ఆ కాల్షియం పాలలోకి వెళ్తుంది. పాలిచ్చే తల్లి వెన్నెముకలో నాలుగైదు నెలల్లో 5 నుంచి 10 శాతం దాకా ఎముక తరిగిపోవచ్చు, పాలు మానేశాక మళ్లీ నిండుకుంటుంది. ఆ రాకపోకలకు హద్దు కూడా ఉంది. మామూలు రొమ్ము కణం మీద కాల్షియంని పసిగట్టే రిసెప్టర్ ఉంటుంది, కాల్షియం చాలినంత వచ్చిందని తెలియగానే పీటీహెచ్‌ఆర్‌పీ తయారీ తగ్గుతుంది.

క్యాన్సర్ కణంలో ఇదే తలకిందులవుతుంది. 2008లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించింది ఇది: రొమ్ము క్యాన్సర్ కణాల్లో అదే రిసెప్టర్ లోపలి తీగ మార్చుకుని ఇంకో జీ ప్రొటీన్‌తో (కణం లోపలికి సంకేతం మోసే ప్రొటీన్) పని చేస్తుంది, కాల్షియం పెరిగితే పీటీహెచ్‌ఆర్‌పీ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బ్రేకు తొక్కితే బండి ఇంకా వేగం అందుకోవడం లాంటిది. ఎముకలో కుదురుకున్న కణం పీటీహెచ్‌ఆర్‌పీ వదులుతుంది. అది నేరుగా ఎముకను తినదు, ఎముక కట్టే కణాల చేత రాంక్ లైగాండ్ అనే సంకేతం ఇప్పిస్తుంది, ఆ సంకేతానికి ఎముక కరిగించే ఆస్టియోక్లాస్టులు పుట్టుకొస్తాయి. ఎముక కరిగేటప్పుడు అందులో దాగిన టీజీఎఫ్ బీటా అనే పెరుగుదల సంకేతం బయటపడి క్యాన్సర్ కణానికి అంది, మళ్లీ పీటీహెచ్‌ఆర్‌పీ పెంచుతుంది. అంతూ పొంతూ లేని గానుగ. 1996లో థెరిసా గైజ్ బృందం ఎలుకల్లో ఈ ప్రొటీన్‌కి యాంటీబాడీ ఇస్తే ఎముకల్లో మచ్చలు తగ్గాయి. మనం ఇచ్చే జోలెడ్రోనిక్ ఆస్టియోక్లాస్టులను చంపుతుంది, డెనోసుమాబ్ రాంక్ లైగాండ్‌ని పట్టుకుంటుంది. రెండూ గొలుసు చివర్లో పని చేసేవే. మొదట్లో ఉన్న పీటీహెచ్‌ఆర్‌పీని ఆపే మందు రొమ్ము క్యాన్సర్‌కి మన చేతిలో ఇంకా లేదు, క్యాన్సర్‌ని తగ్గిస్తేనే అది తగ్గుతుంది.

పీటీహెచ్‌ఆర్‌పీ రిపోర్ట్ చూశాక వాళ్లింట్లో ఫార్మసీ చదివే అమ్మాయి ఒక మంచి ప్రశ్న వేసింది. "2017లోనే గడ్డలో ఈ ప్రొటీన్ ఉందో లేదో చూసి ఉంటే ముందే తెలిసేది కదా మేడం?" లేదమ్మా అన్నాను, ఎందుకో చెప్పడానికి పావుగంట పట్టింది. 1991లో చూసిన ఒక చిన్న శాంపిల్‌లో ఎముకకి పాకిన 13 గడ్డల్లో 12లో ఈ ప్రొటీన్ ఉంది, ఇతర చోట్లకి పాకిన 18లో మూడింటిలోనే ఉంది. అది చదివితే పీటీహెచ్‌ఆర్‌పీ ఉన్న రొమ్ము గడ్డ ఎముకకే పోతుందని ఎవరైనా అనుకుంటారు. మెల్‌బోర్న్ వాళ్లు 526 మంది పేషెంట్లను సగటున పదేళ్లు వెంబడించి 2006లో ప్రకటించింది దానికి పూర్తి విరుద్ధం: రొమ్ములోని మొదటి గడ్డలో ఈ ప్రొటీన్ ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, వాళ్లకి ఎముకలకి పాకడం కూడా తక్కువే. 2011లో మాంట్రియల్‌లో రిచర్డ్ క్రెమర్ బృందం ఎలుకల రొమ్ములో ఈ జన్యువు తీసేస్తే గడ్డలు ఆలస్యంగా పుట్టాయి, నెమ్మదిగా పెరిగాయి, తక్కువ పాకాయి. దానికి రెండేళ్ల ముందు ఇంకో రకం ఎలుకల్లో మెల్‌బోర్న్ వాళ్లకి కనిపించింది ఇంకోలా, ప్రొటీన్ తీసేస్తేనే గడ్డలు త్వరగా వచ్చాయి.

ఇవి చదివి చాలాకాలం గందరగోళపడ్డాను. ఇప్పుడు నాకు అర్థమైనంతలో, ఈ ప్రొటీన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరైనది కాదు. రొమ్ములో ఉన్నప్పుడు ఒక రకం గడ్డకి అది కళ్లెం కావచ్చు, ఇంకో రకానికి కొరడా కావచ్చు. ఎముకలోకి వచ్చాక మాత్రం అది చేసే పని మీద నాకు సందేహం లేదు, మంచం మీద చూశాను. కాబట్టి ల్యాబ్‌లో మైనంలో దాచిన పాత గడ్డ ముక్క (బ్లాక్) తీసి పరీక్ష చేయించమని ఎవరికీ చెప్పను, ఆ రిజల్ట్‌తో మన నిర్ణయం మారదు, ఇంట్లో వాళ్ల టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

కటి ఎముక నుంచి బయాప్సీ తీశాం. పాత రిపోర్ట్ ఉంది కదా అని వదలకూడదు, రిసెప్టర్లు మారుతుంటాయి. ఎముక ముక్కని మెత్తబరచడానికి ఘాటైన యాసిడ్ వాడితే ఈఆర్ పాడై తప్పుడు నెగెటివ్ రావచ్చు, అందుకే పాథాలజిస్ట్‌కి స్వయంగా ఫోన్ చేసి, నెమ్మదిగా మెత్తబరిచే ఈడీటీఏ ద్రావణం వాడమని అడిగాను. ఈఆర్ 80 శాతం పాజిటివ్, పీఆర్ ఈసారి నెగెటివ్, హెర్2 1+, అంటే నెగెటివ్ కిందే లెక్క. నెలసరి కీమో నాటి నుంచి లేదు, హార్మోన్ పరీక్షలతో మెనోపాజ్ అని ఖాయం చేసుకుని, ఈస్ట్రోజెన్ తయారీని ఆపే లెట్రోజోల్, క్యాన్సర్ కణం విభజనను ఆపే పాల్బోసిక్లిబ్ మొదలుపెట్టాం. 2023 జనవరిలో పాల్బోసిక్లిబ్ పేటెంట్ ముగిసి మన కంపెనీల మందులు వచ్చాక ధర బాగా దిగింది, లేకపోతే ఈ కుటుంబానికి ఆ పేరు కూడా చెప్పేదాన్ని కాదు. నడుంకి ఒకే విడతలో 8 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్. జోలెడ్రోనిక్‌తో దవడ ఎముక దెబ్బతినే ముప్పు ఉంది కాబట్టి పళ్ల డాక్టర్‌కి చూపించి, ఊగుతున్న పన్ను తీయించి, ఆ గాయం మానాక ఆ మందు 12 వారాలకోసారి.

మూడు వారాల్లో నడుం నొప్పి సగానికి పైగా తగ్గింది. తెల్లకణాలు పడిపోతే పాల్బోసిక్లిబ్ 125 నుంచి 100కి తగ్గించాం. ఆగస్టుకి పీటీహెచ్‌ఆర్‌పీ నార్మల్‌లోకి వచ్చింది. సంక్రాంతికి అరిసెలు వండి డబ్బా పంపారు.

2025 ఏప్రిల్‌లో కోడలే ఫోన్ చేసింది. "మేడం, అత్తయ్య రాత్రి మూడుసార్లు నీళ్ల కోసం లేచింది, నేనే కాల్షియం చేయించాను, 11.9 ఉంది, అల్బుమిన్ కూడా చేయించాను, 3.6." కలుపుకుంటే 12.2. ఆ అమ్మాయి పదో తరగతి చదివింది. మొదటిసారి మనిషి స్ట్రెచర్ మీద వచ్చారు, ఈసారి బస్సు దిగి నడిచి వచ్చారు. సీటీలో లివర్‌లో కొత్త మచ్చలు, ఎముకల్లోనూ ఒకటి రెండు పెరిగాయి. జోలెడ్రోనిక్ నడుస్తుండగానే కాల్షియం పెరిగింది కాబట్టి డెనోసుమాబ్ 120 మి.గ్రా.కి మారాం. క్యాన్సర్‌కి కెపెసిటబిన్ అనే కీమో మాత్రలు, రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపడం.

ఆ తర్వాత కాల్షియం వేరే వైపు జారింది. మూడో వారంలో పెదాలు, వేళ్ల చివర్లు తిమ్మిర్లు, సరిచేసిన కాల్షియం 7.9. డెనోసుమాబ్‌తో ఇది వస్తుందని తెలుసు కాబట్టే వారం వారం చూస్తున్నాం. కాల్షియం మాత్రలు, విటమిన్ డి మళ్లీ రాశాను. "అప్పుడు ఇవే విషం అన్నారు కదమ్మా" అని చీటీ పట్టుకుని నిలబడిపోయారు. అప్పుడు ఎముకలోంచి కాల్షియం వరదలా వచ్చిపడుతోంది, ఇప్పుడు తలుపు వేసేశాం, లోపలికి కొంచెం ఇవ్వాలి అని చెప్పాను. కోడలు ఆ మాటని చీటీ వెనక రాసుకుంది, రెండు డోసుల మధ్య తేదీలతో సహా.

ఈ వారం కాల్షియం 9.2. అరచేతులు కెపెసిటబిన్‌కి ఎర్రబడి పొట్టు లేస్తున్నాయి, డోసు కాస్త తగ్గించి యూరియా క్రీము ఇచ్చాను. లివర్ మచ్చలు మొదటి స్కాన్‌లో కుదించుకున్నాయి, తర్వాతి స్కాన్ ఆరు వారాలకి.